బ్లేడు కోణాన్ని కరెంటుతో తిప్పితే ఇంధనం నిజంగా మిగులుతుందా?

అడిగినవారు మెకానికల్ ఫైనల్ ఇయర్ విద్యార్థి. ప్రశ్న క్లుప్తంగా ఇది: ప్రొపెల్లర్ బ్లేడు కోణాన్ని ఇప్పుడు ఆయిల్ ప్రెషర్‌తో తిప్పుతున్నారు కదా, దాని బదులు ఎలక్ట్రిక్ మోటారు పెడితే ఇంధనం ఎంత ఆదా అవుతుంది? లాభం ఉంటే ఇన్నాళ్లూ ఎందుకు పెట్టలేదు? ప్రాజెక్టు కోసం బెంచి మీద చిన్న మోడల్ చేయొచ్చా?

సూటిగా చెప్పాలంటే, ఇప్పుడు ఎగురుతున్న విమానంలో ఆయిల్ తీసేసి మోటారు బిగిస్తే మిగిలేది దాదాపు సున్నా. ఇంధనం మిగిల్చేది కోణం మారడం. దాన్ని ఆయిల్ తిప్పినా కరెంటు తిప్పినా గాలికి తేడా తెలియదు. కరెంటుకి విలువ వచ్చేది ఆయిల్ తీసుకెళ్లడం కష్టమైన చోట, లేదా అసలు ఆయిలే లేని చోట. ఇక ఇన్నాళ్లూ ఎందుకు పెట్టలేదంటే, పెట్టారు. 1930ల నుంచే ఉంది. దాని కథ కింద చెప్తాను.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. ఎలక్ట్రానిక్ కంట్రోల్ వేరు, ఎలక్ట్రిక్ యాక్చుయేషన్ వేరు. హైదరాబాద్ నుంచి రాజమండ్రికో కడపకో వెళ్లే ఏటీఆర్ 72-600 చూడండి. దాని ఆరు బ్లేడ్ల ప్రొపెల్లర్‌కి ఎలక్ట్రానిక్ కంట్రోలర్ ఉంది, నిర్ణయాలు అదే తీసుకుంటుంది. కానీ బ్లేడుని తిప్పే బలం మాత్రం ఆయిల్‌దే. కంట్రోలర్ ఒక వాల్వుకి సిగ్నల్ ఇస్తుంది, వాల్వు ఆయిల్‌ని హబ్‌లోని (బ్లేడ్లు బిగించే మధ్య భాగం) పిస్టన్‌కి పంపుతుంది. దుండిగల్ అకాడమీలో శిక్షణకి వాడే పిలాటస్ పీసీ-7 మార్క్ 2లో కూడా బలం ఆయిల్‌దే. మీ ప్రశ్న ఈ చివరి అంచె గురించి, అంటే పిస్టన్ స్థానంలో మోటారు గురించి.

కోణం అసలు ఎంత మారాలి?

ఏటీఆర్ అంకెలతోనే లెక్కేద్దాం. ప్రొపెల్లర్ వ్యాసం 3.93 మీటర్లు. టేకాఫ్‌లో నిమిషానికి 1,200 చుట్లు, అంటే సెకనుకి 20. క్రూయిజ్‌లో (పైకెక్కాక స్థిరంగా ఎగిరే దశలో) దాన్ని 82 శాతానికి తగ్గిస్తారు, సెకనుకి సుమారు 16.4.

విమాన వేగాన్ని, సెకనుకి చుట్లను వ్యాసంతో గుణించి వచ్చినదానితో భాగిస్తే అడ్వాన్స్ రేషియో వస్తుంది. నేల విడిచే వేళ వేగం సెకనుకి 60 మీటర్లనుకుంటే అది 0.76. క్రూయిజ్‌లో వేగం 141 మీటర్లనుకుంటే 2.19. బ్లేడు పొడవులో ముప్పావు వంతు దగ్గర గాలి తగిలే కోణం కావాలంటే దీన్ని π, 0.75ల లబ్ధంతో భాగించి టాన్ విలోమం తీయండి. టేకాఫ్‌లో సుమారు 18 డిగ్రీలు, క్రూయిజ్‌లో సుమారు 43. బ్లేడు దీనికంటే ఇంకో మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ కోణంలో ఉంటేనే లాగుతుంది.

అంటే ఒక్క ప్రయాణంలోనే బ్లేడు 25 డిగ్రీలు తిరగాలి. ఫిక్స్‌డ్ పిచ్ (మారని కోణం) పెట్టి క్రూయిజ్‌కి సరిపెడితే టేకాఫ్‌లో బ్లేడు స్టాల్ అవుతుంది, అంటే గాలి దాన్నుంచి విడిపోయి లాగుడు పడిపోతుంది. టేకాఫ్‌కి సరిపెడితే క్రూయిజ్‌లో ఇంజన్ చుట్లు హద్దు దాటిపోతాయి. ఆదా మొత్తం ఈ 25 డిగ్రీల్లో ఉంది, దాన్ని హైడ్రాలిక్స్ ఎప్పుడో తెచ్చిపెట్టింది.

చాలామంది ఇక్కడ ఇంకోటి పొరబడతారు. కంప్యూటర్ ప్రతి క్షణం ఉత్తమ కోణాన్ని లెక్కేసి బ్లేడుని అక్కడ పెడుతుందనుకుంటారు. కాన్‌స్టంట్ స్పీడ్ (చుట్లు స్థిరంగా ఉంచే) ప్రొపెల్లర్‌లో కోణాన్ని ఎవరూ అడగరు, అడిగేది చుట్లను. ఇంజన్ పవర్ ఇంత, చుట్లు ఇన్ని అని నిర్ణయించాక, ఆ రెండూ కుదిరే కోణానికి బ్లేడు తనంతట తనే చేరుతుంది. కాబట్టి ఇంధనం మిగలాలంటే ఏ ఎత్తులో, ఏ వేగంలో ఎన్ని చుట్లు తిప్పాలో బాగా ఎంచుకోవాలి. జీఈ క్యాటలిస్ట్ ఇంజన్‌లో ఇంజన్‌నీ ప్రొపెల్లర్‌నీ ఒకే డిజిటల్ కంట్రోల్ కింద పెట్టి, పైలట్‌కి ఒకే లివరు ఇచ్చింది ఇందుకే. సామర్థ్యం గ్రాఫు శిఖరం దగ్గర చదునుగా ఉంటుంది. మోటారుతో డిగ్రీలో పదో వంతు కచ్చితత్వం సాధించామని ఎవరైనా గొప్పగా చెప్తే, ఇంధనం పరంగా అది పెద్ద వార్తేం కాదు.

పంపు నష్టం సంగతి కూడా చూద్దాం. హబ్‌కి 70 బార్ దగ్గర నిమిషానికి 20 లీటర్లు పంపు చేస్తున్నామనుకోండి (లెక్క కోసం తీసుకున్న అంకెలు). అది 2.3 కిలోవాట్లు. ఇంజన్ క్రూయిజ్‌లో 1,500 కిలోవాట్లు ఇస్తుంటే ఇది 0.15 శాతం. మోటారు పెట్టి ఇది మొత్తం మిగిల్చినా, మోటారు, డ్రైవ్, వైర్ల బరువు అందులో కొంత తినేస్తుంది.

మరి ఎలక్ట్రిక్ పిచ్ గురించి ఇంత హడావుడి దేనికి?

పెద్ద జెట్ ఇంజన్ల వల్ల. విమానం సెకనుకి 230 మీటర్ల వేగంతో పోతూ గాలిని 300 మీటర్ల వేగంతో వెనక్కి నెడితే ప్రొపల్సివ్ ఎఫిషియెన్సీ (గాలికిచ్చిన శక్తిలో విమానాన్ని నెట్టడానికి పనికొచ్చే భాగం) 87 శాతం. అదే 260తో నెడితే 94 శాతం. కానీ రెండో దాంట్లో అదే థ్రస్ట్ (ముందుకు నెట్టే బలం) రావాలంటే 2.3 రెట్లు ఎక్కువ గాలిని పట్టాలి. అంటే ఫ్యాన్ పెద్దదవ్వాలి, ఫ్యాన్ ప్రెషర్ రేషియో (ఫ్యాన్ గాలి పీడనాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ అంకె) తగ్గాలి.

రేషియో 1.3 కంటే కిందికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. క్రూయిజ్‌లో నాజిల్ చోక్ అయి (గాలి ధ్వని వేగాన్ని అందుకుని ప్రవాహం ఇక పెరగని స్థితి) ఉంటుంది, టేకాఫ్‌లో అవ్వదు. దాంతో ఫ్యాన్ పనిచేసే బిందువు ఈ రెండు దశల మధ్య చాలా దూరం జరుగుతుంది, నేల దగ్గర సర్జ్ (గాలి వెనక్కి తన్నడం), ఫ్లట్టర్ (బ్లేడు కంపించడం) హద్దులకు ఆనుకుంటుంది. తప్పించుకోవడానికి దారులు రెండే: నాజిల్ వైశాల్యం మార్చడం, లేదా ఫ్యాన్ బ్లేడు కోణం మార్చడం. రెండోది ఎంచుకుంటే ఇంకో లాభం: బ్లేడుని రివర్స్‌కి తిప్పేయొచ్చు, బరువైన థ్రస్ట్ రివర్సర్ అక్కర్లేదు. నాసెల్ (ఇంజన్ చుట్టూ ఉండే తొడుగు) కూడా తీసేస్తే అది ఓపెన్ రోటర్. జీఈ36 అనే ఇంజన్ 1986లోనే బోయింగ్ 727 మీద ఎగిరింది, బ్లేడ్ల కోణం మారేదే. జీఈ, సఫ్రాన్‌ల ఉమ్మడి ఇంజన్ కంపెనీ సీఎఫ్‌ఎం 2021 జూన్‌లో ప్రకటించిన రైజ్ కార్యక్రమం కూడా ఇదే దారి. ఇప్పటి ఇంజన్ల కంటే 20 శాతం ఇంధనం తగ్గించాలన్నది వాళ్ల లక్ష్యం. సీఎఫ్‌ఎంలో సగం వాటా ఉన్న సఫ్రాన్‌కి హైదరాబాద్‌లో లీప్ ఇంజన్ భాగాల ప్లాంటు ఉంది. ఈ రంగంలో ఉద్యోగం చూసుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవచ్చు.

ఇలాంటి ఇంజన్‌లో తిరిగే హబ్ దాకా హై ప్రెషర్ ఆయిల్ తీసుకెళ్లడం నరకం. తిరిగే, తిరగని భాగాల మధ్య ఆయిల్ దాటించే ట్రాన్స్‌ఫర్ బేరింగ్ కారుతుంది. దాని వ్యాసం పెరిగేకొద్దీ ఉపరితల వేగం, లీకేజీ, వేడి అన్నీ పెరుగుతాయి. ఎలక్ట్రిక్ పిచ్‌కి ఇక్కడ అర్థం ఉంది. బ్యాటరీతో నడిచే విమానాల్లో అయితే వేరే దారి కష్టం, ఎలక్ట్రిక్ మోటారులో గవర్నర్‌కి (చుట్లను స్థిరంగా ఉంచే పరికరానికి) ఇచ్చే ఇంజన్ ఆయిల్ ఎక్కడిది? పిపిస్ట్రెల్ వెలిస్ ఎలక్ట్రోలో ఈ గొడవ లేకుండా ఫిక్స్‌డ్ పిచ్‌తో సరిపెట్టారు. వేగం, పరిధి పెరిగితే అలా సరిపెట్టుకోవడం కుదరదు.

మోటారు ఎక్కడ పెట్టాలి?

కావాల్సిన పవర్ తక్కువే. ఆరు బ్లేడ్లు, ఒక్కోదాన్ని తిప్పడానికి 300 న్యూటన్ మీటర్లు, వేగం సెకనుకి 10 డిగ్రీలు అనుకుంటే యాంత్రిక శక్తి 314 వాట్లు. గేర్లు, మోటారు కలిపి సామర్థ్యం 40 శాతం అనుకున్నా 800 వాట్ల లోపే. అత్యవసరంలో సెకనుకి 30 డిగ్రీలు కావాలంటే సుమారు 2.4 కిలోవాట్లు. కష్టం వాట్లలో లేదు, ఆ వాట్లను తిరిగే హబ్‌లోకి చేర్చడంలో ఉంది.

దారులు మూడు. మోటారుని హబ్‌లోనే పెట్టి బ్రష్‌లు, స్లిప్ రింగులతో (తిరిగే రింగుని రాసుకుంటూ బ్రష్ కరెంటు అందించే ఏర్పాటు) కరెంటు ఇవ్వడం మొదటిది. రోటాక్స్ ఇంజన్లున్న చిన్న విమానాలకి అమ్మే ఎలక్ట్రిక్ ప్రొపెల్లర్లు చాలావరకు ఇవే. బ్లేడ్ల డీ-ఐసింగ్ హీటర్ల కోసం హైడ్రాలిక్ ప్రొపెల్లర్లలో కూడా స్లిప్ రింగులు ఎలాగూ ఉంటాయి, కాబట్టి ఇది కొత్త విద్యేం కాదు. కానీ హీటర్ బ్రష్ అరిగితే మంచు పడుతుంది, పిచ్ బ్రష్ అరిగితే కంట్రోలే పోతుంది. బ్రష్‌ల బదులు రోటరీ ట్రాన్స్‌ఫార్మర్ (తాకకుండానే కరెంటు దాటించేది) పెట్టొచ్చు, అప్పుడు పవర్ ఎలక్ట్రానిక్స్ కూడా హబ్‌లోకే ఎక్కి, జి-లోడ్లనీ కంపనాన్నీ వేడినీ భరించాలి.

రెండోది డిఫరెన్షియల్ గేరు. మోటారు కదలని భాగం మీద ఉంటుంది, గేరు ట్రైన్‌లో ఒక భాగం ప్రొపెల్లర్‌తో సమానంగా తిరుగుతుంది, వేగంలో తేడా వచ్చినప్పుడే బ్లేడు కదులుతుంది. స్లిప్ రింగు ఉండదు, కానీ ఏర్పాటుని బట్టి కోణం మారకపోయినా గేర్లు నిరంతరం తిరుగుతూ అరుగుతుంటాయి.

మూడోది, నాకు బాగా నచ్చేది: కదలని మోటారు, రోలర్ స్క్రూ (తిరగడాన్ని నెట్టుడుగా మార్చే మర) కలిసి ఒక రాడ్‌ని బోలు షాఫ్ట్ గుండా ముందుకీ వెనక్కీ నెడతాయి. తిరిగే హబ్‌కీ తిరగని రాడ్‌కీ మధ్య ఒక లోడ్ ట్రాన్స్‌ఫర్ బేరింగ్. కరెంటు తీగ ఒక్కటి కూడా తిరిగే భాగంలోకి వెళ్లదు. భారమంతా ఆ ఒక్క బేరింగ్ మీదే పడుతుంది. అది పట్టేస్తే రాడ్ మెలిపడుతుంది, దాని గురించి డిజైన్ మొదటిరోజే ఆలోచించాలి.

బ్లేడుకో మోటారు పెట్టొచ్చు కదా, గాలిమరల్లో అలాగే చేస్తారు కదా అని అడుగుతారు. గాలిమర నిమిషానికి పది పదిహేను చుట్లు తిరుగుతుంది. ప్రొపెల్లర్‌లో బ్లేడ్ల మధ్య అర డిగ్రీ తేడా వచ్చినా కేబిన్ మొత్తం వణుకుతుంది. అందుకే అన్ని బ్లేడ్లనీ ఒకే క్రాస్‌హెడ్‌కో యూనిసన్ రింగుకో (అన్నిటినీ కలిపి కదిలించే భాగాలు) కట్టేస్తారు.

కరెంటు పోతే బ్లేడు ఎటు పోతుంది?

ఇంజనీర్లు తలలు పట్టుకునేది ఇక్కడ. తిరుగుతున్న బ్లేడు మీద సెంట్రిఫ్యూగల్ ట్విస్టింగ్ మొమెంట్ ఉంటుంది, వదిలేస్తే బ్లేడుని ఫైన్ పిచ్ (తక్కువ కోణం) వైపు పడుకోబెడుతుంది. అది ప్రమాదకరమైన వైపు. పై ఉదాహరణలో బ్లేడు 22 డిగ్రీల (టేకాఫ్ కోణం) దగ్గర ఇరుక్కుపోయి, విమానం సెకనుకి 141 మీటర్ల వేగంతో పోతుంటే, గాలే ప్రొపెల్లర్‌ని నిమిషానికి 2,200 చుట్ల వైపు తోస్తుంది. డిజైన్ 1,200కి. చుట్లు రెట్టింపైతే బ్లేడు మొదలు మీద లాగుడు నాలుగు రెట్లు.

ఫెదర్ అయ్యే (గాలికి అడ్డు తగలకుండా బ్లేడు అంచుకి తిరిగే) హైడ్రాలిక్ ప్రొపెల్లర్లు చాలావాటిలో దీనికి చక్కటి విరుగుడు ఉంది. కౌంటర్‌వెయిట్లు (బ్లేడు మొదట్లో బిగించిన బరువులు) బ్లేడుని కోర్స్ (ఎక్కువ కోణం) వైపు, ఫెదర్ వైపు లాగుతుంటాయి, ఆయిల్ ఎదురు నిలిచి ఫైన్ వైపు నెడుతుంది. ఆయిల్ పోయిందా, బ్లేడు ఫెదర్‌కి వెళ్లి గాలికి అంచు చూపిస్తుంది.

ఎలక్ట్రిక్‌లో ఇది అంత తేలిగ్గా రాదు. వర్మ్ గేరు లాంటి వెనక్కి తిరగని యంత్రాంగం పెడితే కరెంటు పోయినా బ్లేడు ఉన్నచోటే ఆగుతుంది, మోటారు వేడెక్కదు. కానీ కౌంటర్‌వెయిట్లు దాన్ని ఫెదర్‌కి తీసుకెళ్లలేవు. వెనక్కి తిరిగే బాల్ స్క్రూ పెడితే ఫెదర్ దానంతట అదే అవుతుంది, కానీ కోణాన్ని నిలిపి ఉంచడానికి మోటారు కదలకుండానే నిరంతరం కరెంటు తినాలి, వైండింగు కాలిపోవచ్చు. మధ్యేమార్గం బ్రేకు. కరెంటు ఉంటే పట్టుకునే బ్రేకా, పోతే పట్టుకునే బ్రేకా అన్న ఒక్క ఎంపిక మీద మొత్తం సేఫ్టీ అనాలిసిస్ మారిపోతుంది. మొదటిది పెడితే కరెంటు పోగానే ఫెదర్, రెండోది పెడితే ఉన్నచోటే లాక్. నేనైతే రెండు ఇంజన్ల విమానానికి మొదటిదే ఎంచుకుంటాను, కానీ ఒక షరతు: ప్రతి ఇంజన్‌కి దాని సొంత పర్మనెంట్ మాగ్నెట్ ఆల్టర్నేటర్ ఉండాలి. విమానమంతటికీ ఉమ్మడిగా ఉండే కరెంటు లైను (బస్) మీద ఆధారపడితే ఒక్క ఎలక్ట్రికల్ ఫెయిల్యూర్‌తో రెండు ప్రొపెల్లర్లూ ఒకేసారి ఫెదర్ అవుతాయి.

ఫెదర్ అంటే ఎప్పుడూ క్షేమం అని కూడా కాదు. 2015 ఫిబ్రవరిలో తైపేలో ట్రాన్స్‌ఏషియా ఏటీఆర్‌కి టేకాఫ్ తర్వాత ఆటోఫెదర్ యూనిట్‌లో సోల్డర్ జాయింటు చీలి, తప్పుడు సిగ్నల్‌తో ఒక ప్రొపెల్లర్ ఫెదర్ అయింది. సిబ్బంది బాగున్న రెండో ఇంజన్‌ని ఆపేశారు. 1991 ఏప్రిల్‌లో అమెరికాలోని బ్రన్స్‌విక్‌లో ఎంబ్రేయర్ 120 కూలింది ప్రొపెల్లర్ కంట్రోల్ యూనిట్‌లో అరిగిన స్ప్లైన్ (షాఫ్టు మీది పళ్ల జోడింపు) వల్ల, బ్లేడ్లు ఫ్లైట్ ఐడిల్ (గాలిలో అనుమతించే కనిష్ఠ కోణం) హద్దు దాటి కిందికి వెళ్లిపోయాయి. అది హైడ్రాలిక్ ప్రొపెల్లరే. తప్పుడు కోణం ఏ బలంతో వచ్చినా ఫలితం అదే.

సర్టిఫికేషన్ అందుకే కఠినం. అతి డ్రాగ్, అడిగినదానికి వ్యతిరేక దిశలో థ్రస్ట్, బ్లేడు ఊడిపోవడం లాంటి ప్రమాదకర ఫలితాలు ప్రొపెల్లర్ ఫ్లైట్ అవర్‌కి కోటిలో ఒక వంతు సంభావ్యత దాటకూడదు. హైడ్రాలిక్ పిస్టన్ మెల్లగా కారుతుంది, స్క్రూ మాత్రం ఉన్నట్టుండి పట్టేస్తుంది. ఆ జామ్‌కి డిజైన్ జవాబు చూపించాలి.

పాత కథ చెప్తానన్నాను కదా. కెనడాకి చెందిన వాలెస్ టర్న్‌బుల్ తయారుచేసిన ఎలక్ట్రిక్ ప్రొపెల్లర్‌ని 1927లో ఎగరేసి చూశారు. తర్వాత కర్టిస్ ఎలక్ట్రిక్ ప్రొపెల్లర్ పీ-40, పీ-38, బీ-26 లాంటి రెండో ప్రపంచ యుద్ధ విమానాల మీద విరివిగా ఎగిరింది. హబ్ ముందు మోటారు, ప్లానెటరీ గేర్లు, బ్రేకు, వెనక స్లిప్ రింగులు. ఈరోజు బొమ్మ గీసినా దాదాపు అదే వస్తుంది. బీ-26 తొలినాళ్లలో నేల మీద జనరేటర్ కార్టు బదులు విమానం బ్యాటరీనే వాడేసి, బ్యాటరీలు బలహీనపడి, టేకాఫ్‌లో ప్రొపెల్లర్లు రన్‌అవే అయ్యాయి. మోటారు మంచిదే, దాని వెనక కరెంటు నమ్మకమైనది కాదు.

పాడయ్యేవి ఎక్కడ? స్లిప్ రింగు మీద ఆయిల్, కార్బన్ పొడి కలిసి పేరుకుంటే కాంటాక్టు ఆగి ఆగి వస్తుంది, కంట్రోలర్ కోణం వెతుక్కుంటూ అటూ ఇటూ ఊగుతుంది. రింగు అద్దంలా నున్నగా మెరవకూడదు, బ్రష్ తగిలే చోట సన్నటి గోధుమ పొర ఉంటే ఆరోగ్యం. హబ్‌లోని గ్రీజు సెంట్రిఫ్యూగల్ బలానికి బయటికి చేరి లోపలి గేరు పళ్లు ఎండిపోతాయి, మైనస్ 50 దగ్గర అదే గ్రీజు గట్టిపడి మోటారు కరెంటు పెరుగుతుంది. లిమిట్ మైక్రోస్విచ్ కంపనానికి జరిగితే బ్లేడు మెకానికల్ స్టాప్‌కి గుద్దుకుని ఇరుక్కుంటుంది. హై వోల్టేజీలో ఇంకో పేచీ: గాలిలో స్పార్కుకి కనీస వోల్టేజీ సుమారు 327. 270 వోల్టుల డీసీ దానికి కింద ఉంది కదా అని ధీమాగా ఉంటే, మోటారు బ్రేకింగ్‌లో వచ్చే స్పైకు ఆ గీత దాటేస్తుంది, పైన పలచటి గాలిలో కనెక్టరులో ఆర్క్ పడుతుంది.

ఇక మీ బెంచి మోడల్. చేయొచ్చు. ఏరోమోడలింగ్ వాళ్లు వాడే వేరియబుల్ పిచ్ హబ్ తీసుకోండి: బోలు షాఫ్టున్న బ్రష్‌లెస్ మోటారు, షాఫ్ట్ గుండా పోయే పుష్‌రాడ్, వెనక సర్వో. పైన చెప్పిన మూడో పద్ధతికి అదే చిన్న రూపం. 5 కిలోల లోడ్ సెల్, హెచ్‌ఎక్స్711 బోర్డు (మామూలుగా సెకనుకి 10 రీడింగులే ఇస్తుంది, రేట్ పిన్ హై చేస్తే 80), వోల్టేజీ-కరెంటు సెన్సరు, ఆప్టికల్ టాకో (వెలుతురుతో చుట్లు లెక్కించేది) చాలు. చుట్టూ 6 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్ షీటు పెట్టండి, యాక్రిలిక్ వద్దు, పగిలి ముక్కలు ఎగురుతాయి. బ్లేడు తిరిగే తలంలో ఎవరూ నిలబడకూడదు. మొదటి రన్‌లు గరిష్ఠ చుట్లలో సగానికి మించొద్దు.

చుట్లు స్థిరంగా ఉంచి కోణాన్ని సున్నా నుంచి 20 డిగ్రీల దాకా రెండేసి చొప్పున పెంచుతూ థ్రస్ట్, పవర్ రాసుకోండి. నిలిచిన గాలిలో ఎప్పుడూ ఫైన్ పిచ్చే గెలుస్తుంది. ఆ ఒక్క గ్రాఫు చూసి తీర్మానం రాసేయడం ప్రాజెక్టు రిపోర్టుల్లో మామూలుగా కనిపించే తప్పు. ముందు బ్లోయర్ టన్నెల్ పెట్టి రెండు మూడు గాలి వేగాల్లో మళ్లీ చేస్తేనే శిఖరం ఎలా జరుగుతుందో కనిపిస్తుంది.

గవర్నర్ లూప్ రాసేటప్పుడు ఒక జాగ్రత్త. మామూలుగా కోణం పెంచితే చుట్లు తగ్గుతాయి. సున్నా థ్రస్ట్ దాటి రివర్స్‌లోకి వెళ్తే గుర్తు తిరగబడుతుంది, కోణం పెంచితే లోడు తగ్గి చుట్లు పెరుగుతాయి. అదే లూప్ అక్కడ కూడా నడిపితే బ్లేడు ఒక చివరికి పారిపోతుంది. అసలు విమానాల్లో బీటా రేంజిలో (నేల మీద వాడే తక్కువ, రివర్స్ కోణాల్లో) గవర్నర్‌ని పక్కనపెట్టి లివరుతో కోణాన్నే నేరుగా ఆదేశించడానికి కారణం ఇదే. మీ కోడ్‌లో 5 డిగ్రీల కింద లూప్ ఆపేసి నేరుగా కోణం ఇవ్వండి.

చివరగా సర్వో లింకు విప్పి, తక్కువ చుట్లలో తిప్పి చూడండి, బ్లేడ్లు ఫ్లాట్‌కి పడుకుంటాయి. తర్వాత బ్లేడు వెడల్పు గీతకి (కార్డ్) దాదాపు లంబంగా చిన్న చేతులు బిగించి, వాటి చివర ఇత్తడి బరువులు పెట్టి మళ్లీ తిప్పండి. ఒక్కో గ్రాము పెంచుకుంటూ పోతే, ఒకచోట బ్లేడు ఫ్లాట్ వదిలి కోర్స్ వైపు లేస్తుంది. ఆ బరువుల ఊడిపోయే బలాన్ని ముందే లెక్కేసి స్క్రూకి లాక్‌టైట్ వేయండి. అతికించిన బరువులు తిరుగుతున్న హబ్ నుంచి తూటాల్లా వస్తాయి.